కారెక్కడ పెడతారు?

సొంత కారులో దేశం చుట్టి రావాలన్న సరదా పెరిగాక, మహానగరాల్లోని చుట్టాలిళ్లకు మళ్లీ రాకపోకలు మొదలయ్యాయి. హైదరాబాద్ నుంచి కశ్మీర్ వెళ్లే దారిలో ఢిల్లీ మజిలీ ముచ్చట్లివి.

పట్నంలో చుట్టాలింటికి దూరం నుంచి వచ్చినవాళ్లను ఒకప్పుడు అడిగే మొదటి ప్రశ్న "ఎన్నాళ్లుంటారు?" నోరు తెరిచి అడిగేవారు కాదు, మంచినీళ్ల గ్లాసు అందిస్తూ సామాను వంక చూసేవారు. ఇప్పుడా ప్రశ్న మారింది. మనం హైదరాబాద్‌లో ఇంకా బ్యాగులు సర్దుకోకముందే, ఏ మొహమాటమూ లేకుండా ఫోన్లోనే అడిగేస్తున్నారు: "కార్లో వస్తున్నారా? మరి కారెక్కడ పెడతారు?"

అడిగినవాళ్లను తప్పుపట్టలేం. ఢిల్లీలో రెండు పడగ్గదుల ఫ్లాట్‌లో నలుగురు ఎక్కువైనా ఇల్లు ఎలాగో సర్దుకుంటుంది. హాల్లో పరుపులు పరుస్తారు, దివాన్ మీద ఒకరు పడుకుంటారు, పిల్లలు నిద్రొస్తే ఎక్కడైనా ఒరుగుతారు. కారు మాత్రం సర్దుకోదు. దానికి పదమూడు, పద్నాలుగు అడుగుల జాగా కావాలి. ఆ జాగా ఎప్పుడూ ఇంకెవరిదో అయి ఉంటుంది.

శ్రీనగర్ నుంచి కన్యాకుమారి దాకా పోయే 44వ నంబరు జాతీయ రహదారి దేశంలోకెల్లా పొడవైనది. అది మన వాకిట్లోంచే పోతోంది. మేడ్చల్, కామారెడ్డి, ఆర్మూర్, నిర్మల్, ఆదిలాబాద్ దాటి పెన్‌గంగ వంతెన ఎక్కితే అవతల మహారాష్ట్ర. 2010లో రహదారులకు కొత్త నంబర్లు వేయకముందు మన వైపు ఇది ఏడో నంబరు. మేడ్చల్ పెద్దమనుషులకు మాత్రం ఇప్పటికీ 'నాగపూర్ రోడ్డే'. పేరు నాగపూర్‌దైనా అక్కడితో ఆగదు. సాగర్, ఝాన్సీ, గ్వాలియర్, ఆగ్రా చూపించి ఢిల్లీలో దించుతుంది. మొత్తం 1,500 కిలోమీటర్ల పైచిలుకు. మధ్యలో ఒక రాత్రి ఎక్కడో ఆగక తప్పదు. స్టీరింగ్ పట్టేవాళ్లు ఇద్దరుంటే సాగర్ దాకా లాగొచ్చు. ఒక్కరే అయితే నాగపూరో సివనీయో చూసుకోవడం నడుముకు మంచిది.

నాగపూర్ దాటాక పెంచ్ పులుల అడవి వస్తుంది. అక్కడ రోడ్డు చాలాచోట్ల నేలను వదిలేసి స్తంభాలెక్కుతుంది. కింది నుంచి జంతువులు దాటడానికి మహారాష్ట్ర వైపు తొమ్మిది చోట్ల దారి విడిచారు. ఆ దారుల్లో పులులు నింపాదిగా నడిచిపోతూ కెమెరాలకు చిక్కాయి కూడా. అడవిలో పులికి దారి చూపించిన దేశం నగరంలో చుట్టం కారుకు చోటు చూపించలేకపోవడం ఏమిటని ఆ వంతెనల మీద అనిపిస్తుంది. ఢిల్లీ చేరాక ఇంకా గట్టిగా అనిపిస్తుంది.

డిక్కీ ఖాళీగనే ఉంటది గద!

రైల్లో పోయేవాడు సామాను తన భుజం మీద మోయాలి కాబట్టి చుట్టపక్కాలు కాస్త జాలి చూపేవారు. కార్లో పోతున్నాం అన్నామో, ఆ జాలి పోతుంది. "డిక్కీ ఖాళీగనే ఉంటది గద!" అన్న మాటతో మొదలవుతుంది. మా పెద్దమ్మ కొడుకు ఢిల్లీ ద్వారకలో ఉంటాడు. పెద్దమ్మ కూడా ఆయన దగ్గరే. మేం వెళ్తున్నామన్న కబురు కరీంనగర్ చేరిందో లేదో, హైదరాబాద్‌లో మా ఇంటికి మూటలు రావడం మొదలైంది. పాతిక కిలోల హెచ్‌ఎంటీ బియ్యం బస్తా, జొన్నపిండి, వడియాలు, సకినాల డబ్బా, అత్త తడిగుడ్డలో చుట్టి పంపిన చింతచిగురు. ఢిల్లీలో బియ్యం దొరకవా అని అడిగితే అడిగినవాడిదే తెలివితక్కువ. దొరుకుతాయి. ఐఎన్‌ఏ మార్కెట్‌కు వెళ్తే మునక్కాయలు, కరివేపాకు, పచ్చి అరటికాయలు అన్నీ దొరుకుతాయి. అయినా డబ్బిచ్చి కొన్న చింతచిగురుకు అత్త పేరు చెప్పుకోలేం కదా.

అన్నిటికంటే కష్టమైన సరుకు మామిడికాయ తొక్కు. ప్రయాణం మే నెలలో పెట్టుకున్నాం. మేం బయల్దేరే ముందురోజే అమ్మ ఆ ఏటి తొక్కు కలిపింది. కలిపిన రోజున తొక్కు గట్టిగా, పొడిపొడిగా ఉంటుంది. ముక్కలోకి ఉప్పు దిగి, ఊట ఊరడానికి రెండు మూడు రోజులు పడుతుంది. అప్పుడు అడుగు నుంచి పైకి తిరగ కలిపి, చాలకపోతే నూనె పోయాలి. మరిచిపోతే అడుగున ఉప్పు, పైన కారం మిగులుతాయి. తిరగ కలపాల్సిన మూడో రోజు సరిగ్గా ఢిల్లీలో పడుతోంది. జాడీ మూతికి తెల్లగుడ్డ వాసెన కట్టి, చుట్టూ పాత దుప్పటి చుట్టి, బియ్యం బస్తాకూ వెనక సీటుకూ మధ్య ఇరికించాం. హింగన్‌ఘాట్ ఎండకు కారంతా ఆవపిండి, వెల్లుల్లి ఘాటు కమ్మేసింది. గతుకు తగిలినప్పుడల్లా అందరం వెనక్కి తిరిగి చూసేవాళ్లం. పిల్లల్ని కాదు, జాడీని.

ద్వారకలో దిగి మంచినీళ్లు తాగామో లేదో, పెద్దమ్మ చెయ్యి కడుక్కుని, కొంగుతో తడి లేకుండా తుడుచుకుని, వాసెన విప్పింది. చెయ్యి మోచేతి దాకా జాడీలోకి దించి అడుగు నుంచి పైకి తిప్పుతుంటే, అప్పటిదాకా కనబడని ఎర్రటి నూనె ముక్కల సందుల్లోంచి తేలింది. వేళ్లకంటిన కారాన్ని జాడీ అంచుకు నెమ్మదిగా రాసింది. ఓ చిన్న ముక్క కొరికి చూసి, "ఉప్పు తక్కువేసింది. ఎప్పుడు గింతే మీ అమ్మ!" అంది. చెల్లెలి మీద ఫిర్యాదుకు ఎంత దూరమైనా లెక్కలేదు.

మేం చేరేసరికి వదిన రెండోసారి అన్నం వండాల్సి వచ్చింది. తప్పు లైవ్ లొకేషన్‌ది. రైలు రోజుల్లో బండి ఎన్ని గంటలు లేటో స్టేషన్‌కు ఫోన్ చేసి కనుక్కునేవారు, అంతే. ఇప్పుడు మన చుక్క ఫోన్లో కదలడం చుట్టాలకు కనిపిస్తూనే ఉంటుంది. ఆగ్రాలో పేఠా కోసం ఎంతసేపు ఆగామో, మథుర దగ్గర ఎందుకు నిలబడిపోయామో అన్నీ తెలుస్తాయి. "పల్వల్ దాటిండ్రు, కుక్కర్ పెట్టు" అని అన్న చెప్పడం, ఫరీదాబాద్ ట్రాఫిక్‌లో మేం ఇరుక్కోవడం, కుక్కర్ చల్లారడం వరసగా జరిగిపోయాయి.

ఇటార్సీ ఎందుకు రాలే?

"ఏ దారిల వచ్చిండ్రు?" అని పెద్దమ్మ అడిగింది. నాగపూర్, సివనీ, సాగర్, లలిత్‌పూర్ అని చెప్పాం. ఆవిడ మొహంలో అనుమానం. "ఇటార్సీ ఎందుకు రాలే?"

ఆవిడ దేశమంతా రైలు పట్టాల మీద ఉంది. కాజీపేట, రామగుండం, సిర్పూర్ కాగజ్‌నగర్, బల్లార్షా, నాగపూర్, ఇటార్సీ, భోపాల్, ఝాన్సీ. పెద్దనాయనకు ఢిల్లీలో కేంద్ర ప్రభుత్వ కొలువు దొరికాక ఏడాదికోసారి ఆ వరసలోనే ఊరికి వచ్చిపోయేవాళ్లు. 1976లో మొదలైన ఏపీ ఎక్స్‌ప్రెస్ వాళ్ల బండి. రాష్ట్రం విడిపోయాక 2015లో దానికి తెలంగాణ ఎక్స్‌ప్రెస్ అని పేరు పెట్టారు. ఎంత తెలంగాణ మనిషైనా పెద్దమ్మకు అది ఇప్పటికీ 'ఏపీ'నే. బల్లార్షాలో మంచినీళ్లు పట్టుకోవాలి, నాగపూర్‌లో కమలాలు కొనాలి, చంబల్ లోయ రాకముందే కిటికీలు దించుకోవాలి అంటూ ఒక్కో స్టేషన్‌కు ఒక్కో పని చెప్పింది.

మా పిల్లల మ్యాప్‌లో భోపాల్ లేదు, ఇటార్సీ లేదు. నాగపూర్ దగ్గర విడిపోయిన రోడ్డూ రైలూ మళ్లీ లలిత్‌పూర్ దగ్గర గానీ కలవవు. నడుమ ఉన్న మధ్యప్రదేశ్ ఆవిడకొకటి, వీళ్లకొకటి. వీళ్లు గుర్తుపెట్టుకున్నవి టోల్‌గేట్లు, శుభ్రమైన బాత్రూమ్ ఉన్న పెట్రోల్ బంకులు. చంబల్ వంతెన మీద పిల్లలు అద్దాలు దించి మరీ మొసళ్ల కోసం వెతికారని చెబితే పెద్దమ్మ నోరు నొక్కుకుంది. నిజానికి ఈ ప్రయాణంలో నాకు తాజ్‌మహల్ కన్నా బాగా నచ్చింది ఈ పూట. ఒకే దారి అనుకున్నది రెండు దారులని తేలాక, ఆవిడా పిల్లలూ కాగితం ముందేసుకుని దేశాన్ని గీసుకున్నారు. పెళ్లిళ్లలో ఇలాంటివి కుదరవు. అక్కడ పెద్దవాళ్లకు కాళ్లు మొక్కి, ఫొటో దిగి, విస్తరి ముందు కూర్చోవడంతో సరి.

పెద్దమ్మ వాళ్ల మొదటి ఇల్లు సరోజినీ నగర్ క్వార్టర్. రెండు గదులు, ఓ వసారా, ముందు ఖాళీ జాగా, వేప చెట్టు. ఆ రోజుల్లో ఢిల్లీలో తెలుగువాళ్ల క్వార్టర్ అంటే ఊరందరికీ సత్రమే. ధోల్‌పూర్ హౌస్‌లో యూపీఎస్సీ ఇంటర్వ్యూకు వచ్చేవాళ్లు, ఎయిమ్స్‌లో చూపించుకోవడానికి వచ్చేవాళ్లు, హరిద్వార్, వైష్ణోదేవి యాత్రలకు పోతూ ఓ రాత్రి, వస్తూ ఓ రాత్రి ఆగేవాళ్లు. ఇంటర్వ్యూకు వచ్చిన ఓ దూరపు చుట్టానికి పెద్దనాయన తన టై ఇచ్చాడట. ఉద్యోగమైతే వచ్చింది గానీ టై తిరిగి రాలేదు. ఇంట్లో చోటు చాలకపోతే వేసవిలో మగవాళ్లంతా వేప చెట్టు కింద మంచాలేసుకునేవారు. ఇంటింటికీ కారు లేదు కాబట్టి చెట్టు కింద మనుషులకు చోటుండేది.

ఆ చెట్లూ ఆ క్వార్టర్లూ పోతున్నాయి. సరోజినీ నగర్, నేతాజీ నగర్, నౌరోజీ నగర్ సహా ఏడు ప్రభుత్వ ఉద్యోగుల కాలనీలను పడగొట్టి కొత్తగా కట్టడానికి 2016లో కేంద్రం ఆమోదం తెలిపింది. ఒంటి అంతస్తు, రెండంతస్తుల ఇళ్ల జాగాలో టవర్లు లేస్తున్నాయి. పెద్దనాయన రిటైరయ్యాక వీళ్లు ద్వారకలో సహకార సంఘం ఫ్లాట్‌లోకి మారారు. తర్వాతి తరం నోయిడా, గురుగ్రామ్, ఇందిరాపురం బాట పట్టింది. ఇప్పుడు ఇంటర్వ్యూకు వచ్చే కుర్రాడు ముందే ఓల్డ్ రాజేందర్ నగర్‌లో గది తీసుకుని ఉంటాడు. ఎవరింటికీ రావాల్సిన అవసరం లేదు. అవసరం తీరాక కూడా వచ్చేవాళ్లే ఇవాళ నగరంలో చుట్టాలు, అదీ ఎక్కువగా కార్లో.

గేటు దగ్గర పంచాయితీ

ద్వారక సొసైటీలో ఫ్లాట్‌కు ఒక్క పార్కింగే. రెండో కారు ఉన్నవాళ్లు గోడవారగా బయటపెట్టి, పొద్దున్నే అద్దం మీద పావురాల రెట్ట తుడుచుకుంటారు. మాకోసం అన్న చేసిన ఏర్పాటు వింటే నవ్వొస్తుంది. కింది అంతస్తు మలయాళీ కుటుంబం సెలవులకు ఊరెళ్లింది. వాళ్ల జాగా మాకివ్వడానికి వాళ్లకు ఫోన్, సొసైటీ సెక్రటరీకి మెసేజ్, గేటు యాప్‌లో బండి నంబరు నమోదు. ఇన్నీ అయ్యాక కాపలాదారు మా నంబరు ప్లేటు చూసి ఆగాడు. 'టీజీ' ఏ రాష్ట్రమని అడిగాడు. టీఎస్ పోయి టీజీ వచ్చింది 2024 మార్చిలోనే కదా, ఆ అక్షరాలకు ఢిల్లీ గేట్ల దగ్గర ఇంకా చుట్టరికం కుదరలేదు. "హైదరాబాద్" అన్నాక ఆయన మొహం విప్పారింది. "బిర్యానీ తెచ్చారా?" అన్నాడు హిందీలో.

జాగా కన్నా ముందు చూసుకోవాల్సిన సంగతి ఇంకోటుంది. ఢిల్లీలో పదేళ్లు దాటిన డీజిల్ బండ్లు, పదిహేనేళ్లు దాటిన పెట్రోల్ బండ్లు తిరగకూడదని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2015లో చెప్పింది, సుప్రీంకోర్టు 2018లో దాన్ని నిలబెట్టింది. 2025 జులైలో అలాంటి బండ్లకు బంకుల్లో నూనె పోయొద్దన్నారు. గొడవ కావడంతో కొద్ది రోజుల్లోనే ఆపేశారు. ఆ వ్యవహారం మళ్లీ కోర్టు మెట్లెక్కి మలుపులు తిరుగుతోంది. బండి పాతదైతే బయల్దేరే వారంలో నిబంధన ఏమిటో చూసుకోవాలి. చలికాలం ప్రయాణమైతే ఇంకో చిక్కు. గాలి బాగా చెడినప్పుడు కాలుష్య నియంత్రణ ప్రణాళిక మూడో దశ అమలైతే, బీఎస్-3 పెట్రోల్ కార్లు, బీఎస్-4 డీజిల్ కార్లు ఢిల్లీలోనే కాదు, గురుగ్రామ్, ఫరీదాబాద్, ఘజియాబాద్, నోయిడాల్లోనూ కదలకూడదు. మనకు నిక్షేపంగా నడిచే 2018 నాటి డీజిల్ బండి అక్కడ నవంబరులో గృహనిర్బంధంలో పడొచ్చు. ఉత్తరాది కారు యాత్రకు వేసవే నయమని నేననేది అందుకే. ఎండ ఉంటుంది, ఏసీ ఉంటుంది. పొగకు మందు లేదు.

ఓసారి కారు లోపల పెట్టాక దాన్ని మరిచిపోవడమే తెలివి. ద్వారకలో మెట్రో ఎక్కితే బ్లూ లైన్ నేరుగా మండీ హౌస్ చేరుస్తుంది. అక్కడి నుంచి ఆటోలో ఆంధ్రా భవన్. ఢిల్లీ చుట్టాలు అతిథుల్ని తీసుకెళ్లే మొదటి యాత్రాస్థలం అదే, ఎర్రకోట అయినా దాని తర్వాతే. కూర్చున్నవాడు చాలు అనేదాకా వడ్డిస్తారు. పప్పు, పొడి, నెయ్యి, సాంబారు, రసం, పెరుగు. ఆదివారం బిర్యానీకి వరసలు కడతారు. వరసలో మనకన్నా ఉత్తరాది కుర్రాళ్లే ఎక్కువ. రాష్ట్రం విడిపోయింది 2014లో, ఈ భవన్ పంపకం తేలింది 2024లో. పక్కనే హైదరాబాద్ హౌస్. ఏడో నిజాం ఢిల్లీ వస్తే దిగడానికి లుట్యెన్స్‌తో కట్టించుకున్న మేడ. చుట్టాలింట్లో దిగాల్సిన పని లేకుండా సొంతంగా మేడ కట్టుకున్న హైదరాబాదీ ఆయనొక్కడే అయ్యుంటాడు. ఇప్పుడందులో విదేశీ అధ్యక్షులు చర్చలకు కూర్చుంటారు.

తిరిగొస్తూ మెట్రో మ్యాప్ చూపించి అన్న పిల్లలతో ఒక స్టేషన్ పేరు చదివించాడు: దుర్గాబాయి దేశ్‌ముఖ్ సౌత్ క్యాంపస్. రాజమండ్రిలో పుట్టిన ఆవిడ చొరవతోనే 1948లో ఢిల్లీలో ఆంధ్రా ఎడ్యుకేషన్ సొసైటీ మొదలైంది. క్వార్టర్లలో పెరిగిన తెలుగు పిల్లలు ఎందరో ఆ బడుల్లో చదివారు, మా అన్న కూడా.

హోటలా, ఇల్లా?

"హోటల్లో దిగి, ఓ పూట భోజనానికి వెళ్లొస్తే ఇద్దరికీ హాయి కదా" అనేవాళ్లున్నారు. వాళ్ల మాటలో నిజముంది. ఆతిథ్యమిచ్చేవాళ్ల కష్టం మామూలుది కాదు. ఇంట్లో ఒకరు హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఆఫీసు మీటింగుల్లో ఉంటారు, బాత్రూములు రెండే, నీళ్లు వచ్చేది వేళకు. వేసవిలో ఢిల్లీలో నలుగురు అదనంగా స్నానం చేయడం చిన్న విషయం కాదు. వదిన పొద్దున లేచి ముందు చూసేది ట్యాంకులో నీళ్లున్నాయా అనే. ఇవన్నీ చూసీ నేను ఇంటివైపే మొగ్గుతాను. ఉంటే మాత్రం రెండు రాత్రులుండాలి. మొదటి రాత్రి వచ్చినవాడు చుట్టం కాదు, ఒళ్లు హూనమైన డ్రైవర్. అన్నం తింటూనే కునికిపాట్లు పడతాడు. పొద్దున్నే పోతే ఆతిథ్యం ఇచ్చినవాళ్లకు శ్రమే మిగులుతుంది. రెండో రోజు కూరలు తరగడానికి కూర్చుంటాం, బియ్యం ఏరతాం, అసలు మాటలు అప్పుడు బయటికొస్తాయి. మూడో రాత్రి వద్దు. మూడో పొద్దున ట్యాంకు మీదకు చూపు పోయే వదిన మొహం చూస్తే ఎవరికైనా అర్థమవుతుంది.

ఇంకో మాట. చుట్టాలింటికి వెళ్లి వాళ్లను గైడ్లుగా మార్చకూడదు. కుతుబ్ మినార్ మీరే చూసి రండి, వాళ్లు చాలాసార్లు చూసి ఉంటారు. అన్న ఓ పూట సెలవు పెట్టి మాతో రాబోతే పెద్దమ్మే ఆపింది. "వాళ్లకు ఫోన్ల దారి లేదా? నువ్వు ఇంట్లనే ఉండు, సాయంత్రం ముచ్చట వెట్టుకుందాం" అంది. ఇంట్లో అందరికన్నా వివరం తెలిసిన మనిషి.

ప్రయాణానికి పొద్దున నాలుగున్నరకు లేచాం. అప్పటికే వంటింట్లో పులిహోర పోపు వాసన. డిక్కీ వెళ్లేటప్పుడు తేలికవుతుందనుకుంటే పొరపాటు. బియ్యం బస్తా దిగిన చోట రెండు కంబళ్లు ఎక్కాయి. కశ్మీర్‌లో చలట. 2025 ఆగస్టులో తెరిచిన అర్బన్ ఎక్స్‌టెన్షన్ రోడ్డు-2 పుణ్యమా అని, ద్వారక నుంచి ఊరి నడిబొడ్డుకు పోకుండానే అలీపూర్ దగ్గర మళ్లీ 44వ నంబరు రోడ్డెక్కాం.

బయల్దేరేటప్పుడు పిల్లల చేతిలో డబ్బు పెట్టడం మన ఇళ్లలో చిన్న యుద్ధం. ఇటు పెట్టడం, అటు వద్దనడం, జేబులో కుక్కడం, పరుగెత్తడం. ఈసారి అన్న ఏమీ పెట్టలేదేమిటా అనుకున్నాం. ముర్తల్ ఢాబాలో పరాఠా మీద వెన్న కరుగుతుండగా ఫోన్ మోగింది. ఒక్కో పిల్లకు అయిదొందల చొప్పున, 'పిల్లలకు' అని రాసి పంపాడు. వెంటనే తిరిగి పంపించాను. పరాఠా సగం తినేలోపు వంద కలిపి మళ్లీ వచ్చింది. ఈసారి మా ఆవిడ తన ఫోన్ నుంచి నేరుగా వదినకే పంపింది. వదిన దాన్ని పెద్దమ్మ పేరు రాసి వెనక్కి కొట్టింది. పానిపట్, కర్నాల్ దాటాయి, డబ్బు ఇంకా తిరుగుతూనే ఉంది.